ముఖమున వీడని ఎఱుపు

వేసవి సెలవుల తరువాత కళాశాల తెరచిన వారంలో ఒక విద్యార్థి ముఖానికి చేతిరుమాలు కట్టుకొని వెనుక బల్లపై కూర్చోసాగాడు. పద్యం చదవమంటే లేచేవాడు కాడు. కారణమడిగితే రుమాలు తీశాడు. బుగ్గలు, గడ్డం, కనురెప్పల చుట్టూ కందిపోయి ఉన్నాయి. చిన్ననాటి నుండి మోచేతి మడతలలో ఎగ్జిమా ఉన్నదట. అదే ముఖానికి పాకినదని తలచి, మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న ట్యూబును రెండేళ్ళుగా రాస్తున్నాడు. "రాస్తే తగ్గుతుంది సార్, మానితే మండుతుంది" అన్నాడు. వ్యాధి గుట్టంతా ఆ మాటలోనే ఉన్నదని నాకప్పుడు తెలియదు. తెలుగు చెప్పేవానికి వైద్యమెందుకని మీరడగవచ్చును. వైద్యం చెప్పను, తెలుసుకొన్నది చెబుతాను.

మొదటి చిక్కు పేరులోనే ఉన్నది. మన పల్లెలలో దురద పెట్టే ప్రతిదీ గజ్జి, లేదా తామర. గజ్జి కంటికానని పురుగు వలన, తామర శిలీంధ్రం వలన కలుగుతాయి. రెండూ అంటుకొనేవే. ఎగ్జిమా అంటువ్యాధి కాదు. చర్మపు పైపొర తేమను నిలుపుకోలేక, చిన్న కారణానికే వాపు రేగే స్వభావమది. యునానీ హకీములు దీనిని 'నార్ ఫార్సీ' అన్నారు. నార్ అనగా అగ్ని. ఆ పేరు పెట్టినవాడు మంటను బాగా ఎఱిగినవాడే.

ఇక ట్యూబు సంగతి. 1952లో సల్జ్‌బర్గర్, విటెన్ అనే అమెరికా వైద్యులు హైడ్రోకార్టిసోన్ పూత గుణాన్ని నిరూపించిన నాటి నుండి స్టెరాయిడ్ లేపనాలు ఎగ్జిమాకు ప్రధానౌషధాలు. అవి చెడ్డవి కావు. తగిన బలం గలదానిని తగిన చోట, తగినన్ని రోజులే రాయాలి. ముఖచర్మమో పలుచన. ముంజేయి ఒక పాలు మందు పీల్చుకొంటే నుదురు ఆరు పాళ్ళు, దవడ మూల పదమూడు పాళ్ళు పీల్చుకొంటాయని 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ లెక్క కట్టారు. బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి బలమైన మందును అక్కడ నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలుచబడి సన్నని రక్తనాళాలు పైకి తేలుతాయి. మందు ఆ నాళాలను ముడుస్తుంది. మానగానే అవి మునుపటికన్న విప్పారుతాయి. ఎఱుపు, మంట తిరిగి వస్తాయి. రోగి మళ్ళీ ట్యూబు పట్టుకొంటాడు. అగ్నిలో ఆజ్యం పోసినట్లే.

పైగా మన చామనచాయలో ఎఱుపు ఎఱుపుగా కనబడదు. గోధుమ, ఊదా రంగులలో కమిలినట్లు తోస్తుంది. ముఖం నల్లబడిందనుకొని తెల్లబరచే క్రీములు వెదకుతారు. వాటిలో కొన్నింట ఉన్నదీ ఆ స్టెరాయిడే! మన దేశంలో 12 కేంద్రాలలో జరిపి 2011లో ప్రకటించిన పరిశీలనలో, ముఖచర్మ బాధలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ఇటువంటి పూతలు వాడుతున్నవారే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదన్నది. చీటీ అడిగిన దుకాణం నాకింకా తటస్థపడలేదు.

ఆ అబ్బాయిని కర్నూలు పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి పంపాను. ట్యూబు మాన్పించి, వాసన లేని తేమపూత, ఎండ తగలకుండా జాగ్రత్త, టాక్రోలిమస్ లేపనం చెప్పారు. జపానులోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి 1984లో కనుగొన్న మందది. చర్మాన్ని పలుచన చేయదు. రాసిన మొదటి రోజులలో మాత్రం మండుతుంది. (స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవారు తమంత తాముగా హఠాత్తుగా మానరాదు. అది ప్రమాదకరం.) రెండు వారాలకు ముఖం మరింత ఉబ్బింది. వాళ్ళమ్మ కళాశాలకే వచ్చి "మీ మాట విని పిల్లోని మొగం ఇంగా చెడిపాయ సారూ" అన్నది. ఆమెకు సమాధానం చెప్పడమే నాకు కష్టమైనది. మానిన తరువాత వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు ఇట్లే ఉండవచ్చునని వైద్యుడు ముందే హెచ్చరించి ఉండకపోతే నేనూ తడబడేవాడినే.

అందరి ఎఱుపూ ట్యూబు వలననే కాదు. జుట్టు రంగు, అత్తరు, పరిమళపు సబ్బు పడకపోవచ్చును. అది తేల్చడానికి వీపుపై పట్టీలంటించే పరీక్ష ఉన్నది. చర్మంపై సహజంగా నివసించే మలసీజియా అనే శిలీంధ్రమూ కారణం కావచ్చును. అప్పుడు మందు వేరు. ఎగ్జిమాకు 2017లో అమెరికాలో అనుమతి పొందిన డుపిలుమాబ్ సూది వలన ఒళ్ళంతా నయమై, కొందరికి ముఖం మాత్రం ఎఱ్ఱబడటం వైద్యులు చూశారు.

సంక్రాంతి సెలవుల తరువాత ఆ విద్యార్థి రుమాలు లేకుండా ముందు బల్లకు వచ్చాడు. ఎండలో నడిచి వచ్చిన రోజున బుగ్గలు ఇప్పటికీ కందుతాయి. పద్యం మాత్రం చదువుతున్నాడు.