ఆటిజం గల బిడ్డకు ఏ బడి?

విద్యార్థి మిత్రులు తాము చదువుకున్న ఊరి బడిని ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. ఇనుప పట్టాపై కొట్టే గంట, ఒకే గదిలో రెండు తరగతుల పిల్లలు కంఠమెత్తి వల్లించే ఎక్కాలు, మధ్యాహ్న భోజన సమయంలో పళ్ళేల చప్పుడు. మనకు ఇవి తీయని గుర్తులు. లింగాలలో నేనెరిగిన ఒక బాలునికి మాత్రం ఆ గంట శిక్షయే అయినది. అది మ్రోగిన ప్రతిసారీ చెవులు మూసుకొని గది మూలకు పరుగెత్తేవాడు. అంకెలన్నీ వచ్చు, క్యాలెండరు చూడకుండానే ఏ తేదీ ఏ వారమో చెప్పగలడు, కాని ఉపాధ్యాయుడు "నీ పేరేమి?" అని అడిగితే తానూ "నీ పేరేమి?" అనే పలికేవాడు. మూడవ నెలలో తండ్రిని పిలిపించి, మిగిలిన పిల్లలకు ఇబ్బందిగా ఉన్నది గనుక పట్నంలోని ప్రత్యేక పాఠశాలకు పంపుమని చెప్పినారు. ఆయన మేస్త్రీ కింద కూలి చేసుకొనే మనిషి. పట్నం పోయి విచారించి వచ్చినాడు. బిడ్డను అక్కడ చదివించాలంటే ఇల్లంతా తరలిపోవలెను. ఈ విధంగా ఆ బాలుడు రెండేండ్లు ఏ బడికీ కాకుండా ఇంటి అరుగు మీదనే గడిపినాడు.

ఆ అరుగే ఈ వ్యాసమునకు కారణం.

ఆటిజం అంటురోగం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. పుట్టుక నుండియే మెదడు వికాసం వేరొక తీరున సాగుట వలన మాట, చూపు, ఇతరులతో కలయిక, శబ్దస్పర్శల అనుభూతి మనకన్న భిన్నంగా ఉండే స్థితి. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించినాడు. మరుసటి సంవత్సరమే వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పిల్లలనే గూర్చి వ్రాసినాడు. తల్లి ప్రేమ చాలకపోవుటయే కారణమని కొంతకాలం పెద్ద పెద్ద పండితులే నమ్మినారు. ఆ సిద్ధాంతం తప్పని తేలి దశాబ్దాలు గడిచినవి. మన వీధులలో మాత్రం నింద ఇంకను తల్లి మీదనే పడుచున్నది. ఒక ఇంట తాయెత్తు, ఇంకొక ఇంట తావీజు కట్టిస్తారు. దాని వలన తల్లికి ధైర్యం కలిగితే నాకు అభ్యంతరం లేదు. కాని శిక్షణకు మిక్కిలి అనువైన తొలి అయిదేండ్లు అందులోనే గడిచిపోతే అవి తిరిగి రావు. పరీక్షకు విదేశీ కొలతలే దిక్కు కాదు. 1984లో సికింద్రాబాదున నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మన దేశపు పిల్లలకై 40 అంశాల ప్రమాణమొకటి రూపొందించినది. ధ్రువపత్రములకు ఈనాడు ఆధారం అదియే. ఆ సంస్థ ఇప్పుడు మరొక పేరుతో పనిచేయుచున్నది.

ఇక వివాదమునకు వద్దాము. ప్రత్యేక పాఠశాల మేలనువారి వాదం తేలికైనది కాదు. అమెరికాలోని ఉత్తర కరొలినాలో ఎరిక్ షోప్లర్ బృందం 1970 దశకంలో అభివృద్ధిపరచిన బోధనా పద్ధతిని చూడండి. ఈ పిల్లలకు వినినదానికన్న చూచినది బాగుగా పట్టుబడును. కావున రోజులో ఏది తర్వాత ఏదో బొమ్మల వరుసగా గోడకు తగిలిస్తారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చోటు కేటాయిస్తారు. పని ఎక్కడ ముగియునో బిడ్డకు కంటికి కనబడేటట్లు ఏర్పాటు చేస్తారు. నలువది మంది గల తరగతిలో ఒంటరి ఉపాధ్యాయునికి ఇది సాధ్యమా? ఇంగ్లండులో 1978 నాటి తన నివేదికతో సమ్మిళిత విద్యకు దారి వేసిన మేరీ వార్నాక్ సైతం 2005లో తన అభిప్రాయమును సవరించుకొన్నది. కొందరు పిల్లలకు, విశేషించి ఆటిజం గలవారికి, పెద్ద సాధారణ పాఠశాల దుఃఖస్థానం కాగలదని అంగీకరించినది. తాను వేసిన దారినే తిరిగి పరీక్షించుకొన్న ఆమె నిజాయితీ నాకు నచ్చినది.

అయినను 1994లో స్పెయిను దేశపు సలమాంకా నగరంలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు సాధారణ పాఠశాలయే అందరి బిడ్డలకు తలుపు తెరువవలెనని తీర్మానించుటలో గొప్ప సత్యమున్నది. బాలుడు పెద్దవాడై బ్రతుకవలసినది ఈ ఊరిలోనే, ఈ అంగడిలోనే, ఈ తోటి వయస్కుల నడుమనే. పదేండ్లు వేరే గోడల మధ్య పెరిగినవానిని ఊరు ఎట్లు గుర్తించును? అతని వలన ఊరు నేర్చుకొనవలసినది కూడ కొంత కలదు.

మన చట్టం ఈ తగవును బిడ్డకే విడిచిపెట్టినది. 1995 నాటి చట్టం పేర్కొన్న ఏడు వైకల్యాలలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టంలో చోటు దొరికినది. 2016 చట్టం 21 వైకల్యాలలో దీనిని చేర్చి, నలువది శాతమునకు తగ్గని వైకల్యం గల బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను, సమీప పాఠశాలయో ప్రత్యేక పాఠశాలయో కోరుకొనే హక్కును ఇచ్చినది. చదువుటకు ఎంత ఇంపుగా ఉన్నది! నల్లమల అంచున ఉన్న మన మండలంలో, అప్పాపూరు వంటి చెంచు పెంటల నుండి మండల కేంద్రమునకు వచ్చుటయే ప్రయాణమైనచోట, కోరుకొనుటకు రెండవ బడి ఏది? మండలాలలో భవిత కేంద్రాలున్నవి, ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు కూడ కలదు; కాని ఒక్క రిసోర్సు ఉపాధ్యాయుడు అన్ని గ్రామాలు తిరుగవలసి వచ్చినపుడు ఇంటి చదువు హాజరు పట్టీలోని పేరుగానే మిగులును. సుప్రీంకోర్టు 2021లో ఆదేశించిన పిమ్మట, 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పిల్లలు 10 మందికి, ఆపై తరగతులలో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడుండవలెనని నిర్ణయించినది. కావున మన ప్రశ్న ఏ బడి అన్నది కాదు, ఆ బడిలో ఎవరున్నారన్నది. శిక్షణ పొందిన ఒక్క మనిషి ఉంటే ఎక్కువమంది పిల్లలు ఊరి బడిలోనే నిలువగలరని నా అభిప్రాయం. మాట బొత్తిగా లేక, తమను తామే గాయపరచుకొనే కొద్దిమందికి ప్రత్యేక పాఠశాల అవసరమే; అది పట్నంలో గాక కనీసం జిల్లా కేంద్రంలో ఉండవలెను.

మన కళాశాలకు దగ్గరి విషయం ఇంకొకటి ఉన్నది. ఆ బాలుని ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, బడి పుస్తకంలో ఇంగ్లీషు. పట్నంలో ఎవరో "మూడు భాషలు వీనిని అయోమయపరచును, ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా యిచ్చినారట. ఆ తల్లికి వచ్చిన ఇంగ్లీషు "కమ్", "సిట్", "ఈట్" అను మూడు మాటలు. ఆనాటి నుండి ఇంట లాలిపాట ఆగినది, కథ ఆగినది, అమ్మీకి బిడ్డకు నడుమ మూడు ఆజ్ఞలు మిగిలినవి. కెనడా మొదలగు దేశాలలో రెండు భాషల ఇండ్లలో పెరిగిన ఆటిజం పిల్లలను ఒక భాష పిల్లలతో పోల్చి చూచినారు. రెండవ భాష వలన మాట మరింత వెనుకబడినట్లు కనబడలేదు. ఇంటి భాషను మాన్పించుట మందు కాదు, మరియొక నష్టం.

ఉర్దూ, తెలుగు రెండును వచ్చిన ప్రత్యేక ఉపాధ్యాయుడు నాకు ఇంతవరకు ఒక్కరూ తారసపడలేదు. మన తరగతులలో ఆ రెండు భాషలు పుట్టుకతో వచ్చినవారు ఎందరో ఉన్నారు. డిగ్రీ ముగిసిన పిమ్మట మామూలు బి.ఇడి. వైపు వెళ్ళేవారిలో ఇద్దరు ముగ్గురైనా, భారత పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక విద్యా బి.ఇడి.ని గూర్చి విచారించవచ్చును. కళాశాల సంఘం వారు అట్టి విద్యార్థికి ప్రవేశ పరీక్ష రుసుము, మొదటి ఏడు పుస్తకాల ఖర్చు భరింపగలరేమో ఆలోచింప ప్రార్థన.

ఆ బాలుడు ఇప్పుడు మరొక బడిలో మూడవ తరగతి. అక్కడి ఉపాధ్యాయురాలికి ప్రత్యేక శిక్షణ ఏదియు లేదు. గంట కొట్టుటకు ముందు గంట బొమ్మ గీసిన అట్టముక్క ఒకటి వానికి చూపుతుంది. చెవులు ఇప్పటికీ మూసుకొంటాడు, పరుగెత్తడు. తల్లి మరల ఉర్దూలోనే మాట్లాడుచున్నది. పోయిన రంజాను నెలలో ఎవరూ అడుగకుండానే "అమ్మీ, పానీ" అన్నాడట.