ఎంత డబ్బు, ఎన్నాళ్ళ ఓపిక

మేనల్లుడా,

పెట్టుబడి పెట్టేవాళ్ళను వచ్చే వారం కలుస్తున్నావట. నీ స్లైడ్లలో ఎంత డబ్బు కావాలో ఉంది. ఆ డబ్బు ఎన్నాళ్ళు ఆగాలో లేదు. వెళ్ళేముందు టొరంటో సంగతి విను.

కృత్రిమ మేధ పరిశోధనకు అమెరికాలో సైన్యం డబ్బే ఎక్కువగా వస్తుండటం శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్‌కు నచ్చలేదు. 1987లో ఆయన కెనడాలోని టొరంటోకు వెళ్ళడానికి అదీ ఒక కారణం. ఆయన నమ్ముకున్న, ఉదాహరణలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌లంటే చాలామంది పెదవి విరిచే రోజుల్లో, 2004లో, సైఫార్ అనే కెనడా సంస్థ ఆయన బృందానికి నిధులిచ్చింది. అమ్మే సరుకేదని అడగలేదు.

2012లో హింటన్ శిష్యులు అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్‌స్కెవర్ అలాంటి న్యూరల్ నెట్‌వర్క్‌తోనే ఇమేజ్‌నెట్ పోటీకి దిగారు. ఫొటోలో ఏముందో కంప్యూటర్ గుర్తుపట్టాలి. వాళ్ళ తప్పులు 15.3 శాతం, రెండో స్థానంలో ఉన్నవాళ్ళవి 26.2. వాడినవి వీడియో గేముల కోసం జనం కొనుక్కునే గ్రాఫిక్స్ కార్డులు, అవీ రెండే.

ఆ డిసెంబరులో ముగ్గురూ తమ చిన్న కంపెనీని లేక్ తాహోలోని హోటల్ గది నుంచి వేలం వేశారు. నడుంనొప్పితో హింటన్ కూర్చోలేరు. చెత్తబుట్టను బల్లమీద బోర్లించి, దానిపై ల్యాప్‌టాప్ పెట్టుకుని, నిలబడే ఈమెయిళ్ళలో పాట నడిపారు. 4.4 కోట్ల డాలర్ల దగ్గర ఆయనే పాట ఆపేసి గూగుల్‌కు ఖాయం చేశారు. ఇంకా ఎక్కువ డబ్బుకంటే, పరిశోధన సాగే చోటే ముఖ్యమనుకున్నారు.

తర్వాత సుట్‌స్కెవర్ 2015లో ఓపెన్‌ఏఐ స్థాపకుల్లో ఒకరయ్యారు. లాభాపేక్ష లేకుండా మొదలైన ఆ సంస్థ కంప్యూటర్ల ఖర్చు తట్టుకోలేక 2019లో లాభాలు పంచే విభాగం పెట్టి, మైక్రోసాఫ్ట్ నుంచి 100 కోట్ల డాలర్లు తీసుకుంది. 2024లో ఆయన బయటికొచ్చి సేఫ్ సూపర్‌ఇంటెలిజెన్స్ ప్రారంభించారు. వ్యాపార ఒత్తిళ్ళు పరిశోధనను తాకకూడదని ముందే ప్రకటించి, అమ్మే సరుకు లేకుండానే 100 కోట్ల డాలర్లు సమకూర్చుకున్నారు.

ఇప్పుడు నీ పని చూడు. కంప్యూటర్‌కు నేర్పడానికి శ్రీకాకుళం, ఆదిలాబాద్ పల్లెల మాటలు రికార్డు చేయించాలి, రాయించాలి, సరిదిద్దించాలి. ఏడాదిన్నర దాకా రూపాయి రాదు. ఆ ముక్క మొదటి స్లైడ్‌లోనే పెట్టు. అది చదివి మొహం చిట్లించినవాళ్ళ చెక్కు ముట్టుకోకు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో భాషా సాంకేతిక పరిశోధన చేసేవాళ్ళను ముందుగా కలువు. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు నెలవారీ ఖర్చుల కాగితం తీసుకురా, కలిసి లెక్క వేద్దాం.

ఇట్లు,
మీ మామయ్య