వార్డులు లేని నగరము: వాంకూవరు పురపాలక ఎన్నికలు

మన గ్రామ పంచాయతీ ఎన్నికలలో ఓటరు చేయవలసిన పని స్వల్పము. సర్పంచి పదవికి ఒక ఓటు, తన వార్డు సభ్యత్వమునకు ఒక ఓటు వేసి అతడు ఇంటికి మరలును. వార్డు సభ్యుడు తెలిసినవాడే గనుక, కుళాయి రాకున్నను, వీధిదీపము వెలుగకున్నను ఎవరి తలుపు తట్టవలెనో గ్రామస్థుడెరుగును. కెనడా దేశపు పశ్చిమ తీరమున, బ్రిటిషు కొలంబియా రాష్ట్రమునందలి వాంకూవరు నగరమున పరిస్థితి వేరు. 2021 జనాభా లెక్కల ప్రకారము 6 లక్షల 62 వేల మంది ప్రజలున్న ఆ నగరములో వార్డులే లేవు. నగరసభ సభ్యులందరును నగరమంతటికిని సభ్యులే. కెనడాలో వార్డులు లేని నగరములలో ఇదియే పెద్దది. వార్డు ప్రాతినిధ్యమును నిత్యము నిర్వహించుచున్న మన సభ్యులకు ఈ పద్ధతి మంచిచెడ్డలు తెలిసియుండుట ప్రయోజనకరము.

ఒక ఓటరు, ఇరువదియేడు పదవులు

నాలుగు సంవత్సరములకొకసారి, అక్టోబరు మాసపు మూడవ శనివారమున ఎన్నిక జరుగును. ఆ ఒక్కదినముననే ఓటరు ఒక మేయరును, పదిమంది నగరసభ సభ్యులను, ఏడుగురు ఉద్యానవన సంఘ సభ్యులను, తొమ్మండుగురు పాఠశాల సంఘ సభ్యులను ఎన్నుకొనవలెను. మొత్తము 27 పదవులు. నగరసభకు పదిమంది పేర్లకు మించి గుర్తు పెట్టరాదు. తక్కువమందికి పెట్టినను దోషము లేదు. అధికముగ ఓట్లు వచ్చిన మొదటి పదిమందియు గెలిచినవారగుదురు. పేరుప్రక్కనున్న చిన్న గుండ్రని గుర్తును నింపి కాగితమును యంత్రములో నుంచినచో అది లెక్కించుకొనును.

వినుటకు సులభముగనే యున్నది గాని, 2018 ఎన్నికను చూడుడు. మేయరు పదవికి 21 మంది, నగరసభకు 71 మంది, అన్ని పదవులకును కలిపి 158 మంది పోటీచేసిరి. అక్షరక్రమమున పేర్లు ముద్రించినచో మొదటనున్నవారికి లాభము కలుగునను అభిప్రాయముతో ఆ సంవత్సరము చీట్లు తీసి పేర్ల వరుసను నిర్ణయించిరి. 71 మంది యోగ్యతలను విడివిడిగ తెలిసికొనుట ఏ ఓటరుకు సాధ్యము? అందుచే అచ్చట పక్షముల జాబితాలకు ప్రాముఖ్యము హెచ్చినది. దేశమునందలి పెద్ద పక్షములు నగర ఎన్నికలలో నేరుగ దిగవు. నగరమునకు ప్రత్యేకమైన పక్షములే అచ్చట కలవు. వానిలో ప్రసిద్ధమైనది 1937 లో స్థాపితమైన నాన్ పార్టిసాన్ అసోసియేషన్. ఆ పేరునకు ‘పక్షరహిత సంఘము’ అని అర్థము. పక్షరహితమను పేరుతోనే ఒక పక్షము దశాబ్దములపాటు నగరమును పాలించుట విచిత్రమే.

మేయరు పదవి ఘనమైనదైనను సభలో ఆయనకున్నది ఒక్క ఓటే. పదునొకండు ఓట్లలో నదియొకటి. 2018 లో కెనెడీ స్టువర్టు స్వతంత్రుడుగ నిలిచి, కెన్ సిమ్ పై కేవలము 957 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. అప్పటి సభలో నాలుగు పక్షములవారుండిరి. మేయరు పక్షమన నొకటి లేకుండెను. 2022 లో అదే కెన్ సిమ్ మేయరై, ఆయన పక్షమువారే పదింట ఏడు స్థానములను గెలుచుకొనిరి. ఒకే జాబితాకు గాలి వీచినపుడు సభ యంతయు ఒక వైపునకు ఒరుగుట ఈ పద్ధతి లక్షణము. పోలింగు మాత్రము 2018 లో సుమారు 39 శాతము, 2022 లో సుమారు 36 శాతము. మన పంచాయతీ ఎన్నికలలో బారులుతీరు జనమును చూచిన కన్నులకు ఈ సంఖ్యలు చిన్నవిగ తోచును.

వార్డులు ఏల పోయినవి?

పూర్వము వాంకూవరునందును వార్డులుండెను. సభ్యులు తమ వార్డు రోడ్లకై బేరములాడుచు నగర సమష్టి ప్రయోజనమును మరచుచున్నారని విమర్శ బయలుదేరగా, 1935 లో ప్రజాభిప్రాయమును సేకరించి వార్డులను రద్దుచేసిరి. ఈ విమర్శలో కొంత సత్యము లేకపోలేదు. కాని రద్దు ఫలితము వేరొకటియు గలదు. నగరమంతట ప్రచారము సాగించుటకు ధనము కావలెను. చిన్న పేటలలో మంచిపేరుగల సామాన్యునకు అది దుస్సాధ్యము. సంపన్నులు అధికముగ నున్న పడమటి భాగము పలుకుబడి పెరిగి, కార్మికులును, వలసవచ్చినవారును అధికముగ నున్న తూర్పు పేటల మాట చెల్లుబాటు కాలేదని వార్డులను కోరువారు చిరకాలముగ వాదించుచున్నారు.

ఈ వాదమునకు భారతీయులతోను సంబంధము కలదు. 1907 లో బ్రిటిషు కొలంబియా శాసనసభ భారతదేశమునుండి వచ్చినవారికి ఓటుహక్కును తొలగించెను. వారి మతమేదైనను చట్టము వారిని ‘హిందువులు’ అనియే పేర్కొనెను. నలువది సంవత్సరముల పిమ్మట, 1947 లో ఆ హక్కు తిరిగి లభించెను. హక్కు వచ్చినంత మాత్రమున సభలో స్థానము రాలేదు. చీనా సంతతివారును, భారతీయ సంతతివారును అధికముగ నివసించు ఆ నగరమున 2018 లో ఎన్నికైన నగరసభలో ఆ రెండు సంతతులవారికి తగినంత స్థానము లేకుండెను. ఆ సభలోనే పదిమందిలో ఎనమండుగురు స్త్రీలుండిరని కూడ చెప్పవలెను. కావున ఈ పద్ధతి అందరకు నొకేరీతిగ ప్రతికూలమనుటకు వీలులేదు.

మాజీ న్యాయమూర్తి థామసు బర్జరు విచారణ జరిపి, నగరమును 14 వార్డులుగ విభజింపవలెనని సిఫారసు చేసెను. 2004 అక్టోబరులో ప్రజలు ఓటు వేయగా సుమారు 54 శాతము వార్డులు వలదనిరి. సభ్యుడెవరో తెలియకున్నను పదిమందిలో ఎవరినైనను అడుగవచ్చునను సౌకర్యమే వారికి రుచించెనేమో!

ఈ పద్ధతి ఖరీదు ఉపఎన్నికలలో తేటపడును. మన గ్రామములో ఒక వార్డు ఖాళీయైనచో ఆ వార్డువారే ఓటు వేయుదురు. వాంకూవరులో రెండు స్థానములు ఖాళీ కాగా, 2025 ఏప్రిలు 5 న నగరమంతయు ఓటు వేయవలసివచ్చెను. ఏర్పాట్లు చాలక ప్రజలు చాలసేపు వరుసలలో నిలిచిరి. అయినను ఓటు వేసినవారు సుమారు 15 శాతమే. మేయరు పక్షపు అభ్యర్థు లిద్దరును ఓడిపోయిరి.

పాఠశాల సంఘము

మన సభ్యులు ప్రత్యేకముగ గమనింపదగినది పాఠశాల సంఘము. విద్యాహక్కు చట్టము క్రింద మన పాఠశాలలకు ఏర్పడు యాజమాన్య సంఘములలో తల్లిదండ్రులదే ప్రధాన స్థానము. అచ్చట పిల్లలు లేనివారును పాఠశాల సంఘమునకు ఓటు వేయుదురు. పాఠశాలల నిర్వహణ, భవనములు, ఆదాయవ్యయ పట్టిక ఈ తొమ్మండుగురి బాధ్యత. ధనము మాత్రము ప్రధానముగ రాష్ట్ర ప్రభుత్వమునుండి వచ్చును; చట్టప్రకారము వ్యయము ఆదాయమును మించరాదు.

ఇచ్చటనే చిక్కు కలిగినది. 2016 లో 2 కోట్ల డాలర్లకు పైగా కోత విధింపవలసిన పట్టికను సంఘము తిరస్కరించెను. పిల్లల చదువునకు నష్టము కలిగించు కోతకు సమ్మతించుటకు తమను ప్రజలు ఎన్నుకొనలేదని పెక్కుమంది సభ్యులు భావించిరి. చట్టమును ఉల్లంఘించిరని విద్యామంత్రి అక్టోబరు 17 న తొమ్మండుగురిని తొలగించి, ఒక్క అధికారిని నియమించెను. 1985 లోను ఇట్టి తొలగింపు జరిగియుండెను. తిరిగి ఎన్నిక జరిగినది 2017 అక్టోబరు 14 న. అనగా దాదాపు సంవత్సరకాలము ప్రజలెన్నుకొన్నవారు లేకుండగనే పాఠశాలలు నడచినవి.

కెనడా రాజ్యాంగమున స్థానిక సంస్థలకు స్వతంత్ర రక్షణ లేదు. 1867 నాటి చట్టము వానిని రాష్ట్రముల కధీనము చేసినది. 2018 లో టొరంటో నగరమున ఎన్నికల ప్రచారము సాగుచుండగనే రాష్ట్ర ప్రభుత్వము 47 వార్డులను 25 కు తగ్గించెను. 2021 లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము అయిదుగురు నలుగురు తేడాతో దానిని సమర్థించెను. మన రాజ్యాంగపు 73 వ సవరణ ప్రకారము పంచాయతీ రద్దైనచో ఆరు మాసములలోపల ఎన్నిక జరుగవలెను. అయినను పదవీకాలము ముగిసిన పిదప ఎన్నికలు ఆలస్యమగుట మనకును తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నుండి 2021 వరకు, తెలంగాణలో 2024 నుండి 2025 డిసెంబరు వరకు ప్రత్యేకాధికారుల పాలనను మన గ్రామములు చూచినవి.

వాంకూవరు చట్టము నిర్ణయించిన తదుపరి ఎన్నికల తేదీ 2026 అక్టోబరు 17, శనివారము.