నీటి నిలకడ

ఉద్దేశం: నీటిలోని ఆమ్లక్షార గుణాలను, వాటి సమతౌల్యాన్ని తెలియజేయడం, నీటిని వివేకంతో, పొదుపుగా వాడుకోవాలనే భావనను విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనలలో జలక్రీడ ఒకటి. కావ్యనాయకుల జలక్రీడలకు ఉద్యానవనాల కొలనులు నెలవులైతే, పల్లె పిల్లలకు ఊరి చెరువు, మోటబావి ఈతకొలనులు. నడుముకు బెండు కట్టుకొని బావిలో దూకి ఈత నేర్చిన తరాలు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో ఎన్నో ఉన్నాయి. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని ఈ మూడు పట్టణాలు 2016 అక్టోబరు 11 నుండి జిల్లాలకు పేర్లయ్యాయి. ఇంటి ఆవరణలోనే ఈతకొలను నిర్మించుకొనేవారు నేడు అక్కడక్కడ కనిపిస్తారు. కొలను కట్టడం ఒక ఎత్తు. అందులోని నీటి స్వభావాన్ని కాపాడడం మరొక ఎత్తు.

చింతపండు పులుసు ఇత్తడి బిందెను తళతళలాడించడం ఆమ్లగుణం. చౌడుమన్ను మురికిబట్టలను తెల్లబరచడం క్షారగుణం. పసుపునీటిలో సున్నం కలిపితే అది ఎర్రనీళ్లుగా మారడం మన ఇళ్లలో శుభకార్యాల నాడు చూసేదే. క్షారం సోకగానే పసుపు రంగు మార్చుకొంటుంది. పెద్దలు ఆచారంగా పాటించిన ఈ మార్పును రసాయనశాస్త్రం సూచికల ద్వారా వివరిస్తుంది.

ఆమ్లక్షారాల బలాన్ని అంకెలలో చెప్పే పి.హెచ్. మానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రతిపాదించాడు. సాధారణంగా 0 నుండి 14 వరకు ఉండే ఈ మానంలో 7 తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె తేడా పదిరెట్ల మార్పుకు గుర్తు. ఈతకొలనులో ఇది 7.2 నుండి 7.8 వరకు ఉండడం మేలు.

పి.హెచ్. నీటి ప్రస్తుత స్థితిని తెలిపితే, క్షారత దాని నిలకడను తెలుపుతుంది. నీటిలో కరిగి ఉన్న బైకార్బోనేట్ల వంటి లవణాలు తమపై పడిన ఆమ్లాన్ని తట్టుకొని, పి.హెచ్. ఒక్కసారిగా పడిపోకుండా కాపాడుతాయి. ధీరుడైన మనిషి చిన్న మాటకు చలించనట్లే, తగిన క్షారత గల నీరు చిన్న మార్పుకు చలించదు. ఈతకొలనులో లీటరుకు 80 నుండి 120 మిల్లీగ్రాముల క్షారత తగినదని భావిస్తారు.

ఈ సమతౌల్యం తప్పితే కలిగే అనర్థాలు సామాన్యమైనవి కావు. నీరు ఆమ్లగుణం పొందితే కళ్లు మండుతాయి. మోటారు, గొట్టాల లోహభాగాలు తినివేయబడతాయి. క్షారగుణం పెరిగితే క్లోరిన్ బలం క్షీణిస్తుంది. క్లోరిన్ వల్ల నీటిలో ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లమే సూక్ష్మజీవులను బలంగా సంహరిస్తుంది. పి.హెచ్. 7.5 వద్ద క్లోరిన్‌లో దాదాపు సగం ఈ రూపంలో ఉంటుంది; 8 వద్ద నాలుగోవంతుకు తగ్గుతుంది. మందు వేశామన్న ధీమా మిగులుతుంది గాని రక్షణ మిగలదు. ఆ కొలనులో ఈదే పసిపిల్లలకు అది అత్యంత ప్రమాదకరం.

జనగామ ప్రాంతపు భూగర్భం ప్రధానంగా గ్రానైటు శిల. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, రాతిపగుళ్లలో సాగుతూ బైకార్బోనేట్లను సంతరించుకొంటుంది. క్షారత ఎక్కువైన బోరునీటిని కొలనులో నింపి చిలికినప్పుడు ఆ వాయువు వెలికిపోయి పి.హెచ్. పైకి పాకుతుంది, సున్నపు అంశం కూడా ఉంటే గోడలపై తెల్లని పొర కడుతుంది. అటువంటి నీటికి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ, మధ్యమధ్య పరీక్షిస్తూ క్షారతను తగ్గించాలి. వాననీటి సంగతి వేరు. అందులో క్షారత స్వల్పం కనుక వంటసోడా అవసరమవుతుంది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.25 మీటర్ల సగటు లోతు గల కొలనులో 40,000 లీటర్ల నీరు పడుతుంది. అందులో క్షారతను లీటరుకు 10 మిల్లీగ్రాములు పెంచడానికి సుమారు 670 గ్రాముల వంటసోడా చాలు. ముందు క్షారతను, తరువాత పి.హెచ్.ను సరిదిద్దడం క్రమం.

ఈ పనిలో జాగ్రత్త ప్రాణాధారం. ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని, నీటిని ఆమ్లంలో పోయరాదు. ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపరాదు. కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మందు వేసే వేళ కొలనులో ఎవరూ ఉండరాదు.

నీరు చెడినప్పుడు దానిని పారబోసి కొత్తనీరు నింపడం కొందరికి సులభంగా తోచవచ్చు. గ్రామీణ ప్రాంతాలలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ నిర్దేశించింది. ఆ లెక్కన 40,000 లీటర్లు ఒక మనిషికి దాదాపు రెండేళ్ల నీరు. వానలు ముఖం చాటేసిన ఏట బోర్లు ఎండిపోయే సీమలో ఆ నీటిని మురుగుకాలువ పాలు చేయడం విజ్ఞత కాదు. వారంలో కొన్ని నిమిషాల పరీక్ష, గుప్పెడు సోడా, తగుమాత్రం ఆమ్లం ఆ నష్టాన్ని చాలావరకు నివారిస్తాయి.

గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారం చెరువు నేటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కాకతీయుల నాటి గణపురం చెరువు భూపాలపల్లి జిల్లాలో ఉంది. జలాశయాన్ని నిర్మించడం పుణ్యమని నాటివారు తలచారు. నిర్మించినదానిని చెడకుండా కాపాడడం కూడా అంతటి పుణ్యమే. చెరువైనా, ఇంటి కొలనైనా నీటి నిలకడ మనిషి నిలకడపైనే ఆధారపడి ఉంటుంది.

అభ్యాసం

అర్థాలు: నెలవు = స్థానం; విజ్ఞత = తెలివి; అనర్థం = కీడు.

సంధులు: జలాశయం = జల + ఆశయం (సవర్ణదీర్ఘ సంధి); అత్యంత = అతి + అంత (యణాదేశ సంధి).

సమాసం: ఆమ్లక్షారాలు = ఆమ్లమును, క్షారమును (ద్వంద్వ సమాసం).

ప్రశ్నలు:
1. పి.హెచ్.కు, క్షారతకు గల భేదాన్ని వివరించండి.
2. క్షారగుణం పెరిగితే క్లోరిన్ ఎందుకు బలహీనపడుతుంది?
3. “నీటి నిలకడ మనిషి నిలకడపైనే ఆధారపడి ఉంటుంది” – ఈ వాక్యాన్ని మీ ఊరి బావికి లేదా చెరువుకు అన్వయించి రాయండి.