రోగిని ముట్టేముందే చెయ్యి తిరగాలి

లాపరోస్కోపీ నేర్చుకునే పీజీలకు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాటలివి. వర్చువల్ రియాలిటీ సిమ్యులేటర్ ముందు నిలబడబోయే ప్రతి యువ సర్జన్ కోసం రాస్తున్నాను.

1. తొలి తడబాటు యంత్రం మీదే తీరాలి. పరికరం పొట్ట గోడలోని చిన్న రంధ్రం గుండా లోపలికి వెళుతుంది. అందుకే పిడిని కుడికి జరిపితే మొన ఎడమకు పోతుంది. మామూలు తెర మీద లోతు సరిగా తెలియదు. ఈ తిరకాసు అలవాటయ్యేదాకా ఎవరి చెయ్యైనా తడబడుతుంది. ఆ భారం రోగి మీద పడకూడదు.

2. సిమ్యులేటర్‌ను వీడియో గేమ్‌లా చూడొద్దు. 2002లో వెలువడిన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో 16 మంది రెసిడెంట్లను రెండు జట్లు చేశారు. సిమ్యులేటర్ మీద సాధన చేసినవాళ్లు అసలు ఆపరేషన్‌లో గాల్‌బ్లాడర్‌ను కాలేయం నుంచి 29 శాతం వేగంగా విడదీశారు. గాల్‌బ్లాడర్‌కు గాయం చేయడం, పక్క కణజాలాన్ని కాల్చడం సాధన లేనివాళ్లలో ఐదు రెట్లు ఎక్కువగా కనిపించాయి.

3. గంటలు లెక్కపెట్టొద్దు. యేల్‌లో నిపుణుల స్థాయిని వరసగా రెండుసార్లు అందుకునేదాకా సాధన చేయించారు. మీరూ అదే పట్టుకోండి. ఒక్కసారి బాగా రావడం అదృష్టం కావచ్చు.

4. ఎడమ చేతికి పని నేర్పండి. గాల్‌బ్లాడర్‌ను సరైన వైపు లాగి పట్టేది అదే. ఆ పట్టు కుదిరితేనే కుడి చేతికి దారి కనిపిస్తుంది. కాటరీ హుక్‌తో కొద్దిపాటి పొరను తగిలించి, పైకెత్తి, మొన కనిపిస్తోందని చూసుకున్నాకే పెడల్ తొక్కండి. మొన కనిపించకపోతే కాలు పెడల్ మీద ఉండకూడదు.

5. మార్కులు చూసుకుని వెళ్లిపోకండి. పట్టిన సమయం, పరికరాలు తిరిగిన దూరం, పొరపాట్లు యంత్రం లెక్కకడుతుంది. ఎందుకు తప్పిందో పక్కనున్న సీనియర్‌ని అడగండి. సరిదిద్దేవాళ్లు లేకపోతే తప్పుడు అలవాటు కూడా గట్టిపడుతుంది.

6. యంత్రానికీ హద్దుంది. వాచి, చుట్టుపక్కలకు అతుక్కుపోయిన గాల్‌బ్లాడర్‌ చేతికి ఎలా తగులుతుందో అది పూర్తిగా చూపలేదు. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి సిస్టిక్ డక్ట్, సిస్టిక్ ఆర్టరీ రెండేనని కళ్లారా తేల్చుకున్నాకే క్లిప్ వేయాలి. తేలకపోతే ఆగాలి, సీనియర్‌ని పిలవాలి, అవసరమైతే పొట్ట తెరవాలి. ఆ వివేకం ఓటీలో పెద్దల పక్కన నిలబడితేనే వస్తుంది.

7. సిమ్యులేటర్ లేదని చేతులు ముడుచుకోవద్దు. అది లక్షల ఖరీదు చేసే సరుకు. అట్టపెట్టె, ఫోన్ కెమెరా, పాత పరికరాలు చాలు. గింజల్ని ఒక చేతి నుంచి మరో చేతికి మార్చండి, గ్లౌజు ముక్కకు కుట్లు వేయండి.

మెడికల్ కాలేజీల పెద్దలకు ఒక మనవి. సిమ్యులేటర్ కొని ఆ గదికి తాళం వేయకండి. రాత్రి డ్యూటీ పీజీలకూ తెరిచి ఉంచండి. సాధన మెట్టు దాటని చేతికి ఓటీలో పరికరం ఇవ్వకండి.