సంతలోని పనివారును మన పండుగయు

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 5:14, 15, 24:14, 15

పునరుత్థాన పండుగకు ముందటి శనివారము తెల్లవారుజామున, సంఘపు ప్రేమవిందుకొరకు మేము రావులపాలెము అరటి మార్కెట్టునకు పోతిమి. జట్టు కూలీలు గెలలను భుజములపై మోసి లారీల కెక్కించుచుండిరి. చద్దియన్నము తినుటకైనను వారికి తీరికలేదు. మేము గెలల వెలను బేరమాడి, మోతకూలిని కూడ తగ్గింపజూచితిమి. తిరిగివచ్చు దారిలో ఈ వాక్యము మమ్మును గద్దించెను.

విశ్రాంతిదినము ఎవరికొరకు? యజమానునికి మాత్రమే గాక దాసునికిని దాసికిని అదే విశ్రాంతి కలుగవలెనని మోషే బోధించెను. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో తాము దాసులైయున్న సంగతి మరువకూడదు. బీదవాని కూలి ప్రొద్దు క్రుంకకమునుపే ఇయ్యవలెను. ఆ రాత్రి వాని యింట పొయ్యి వెలుగుట దానివలననే గదా!

పండుగనాడు ఆరాధనకు రాలేదని కూలివానిని నిందింపకమునుపు, ఎవరి విందుకొరకు అతడు పనిలో నిలిచిపోయెనో తలంచుదము.

కాబట్టి ప్రియులారా, పండుగ సరకులు రెండు దినములు ముందుగా కొందము. కూలి తగ్గింపక వెంటనే చెల్లింతము. ఉదయమున రాలేని పనివారికొరకు సాయంకాలము ప్రార్థనకూడిక జరుపుదము. ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.