నోటి దుర్వాసన: నాలుక పాచిని శుభ్రం చేసుకుందాం

జ్వరం వస్తే పదిమందికి చెప్పుకుంటాం. మోకాళ్ల నొప్పులైతే ఎదురైన ప్రతివారినీ మందు అడుగుతాం. నోటి దుర్వాసన సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోం. ఎదుటివారికి ఉందని తెలిసినా వారితో అనలేం. ఈ మొహమాటం వల్ల నష్టపోయేది బాధపడే మనిషే. తరగతిలో పక్కన ఎవరూ కూర్చోని పిల్లవాడు, అత్తవారింట చాటుమాటలు పడే కోడలు, మనవళ్లు దగ్గరకు రాని తాతయ్య... వీరిలో చాలామందికి అసలు కారణం తెలియదు. తెలిస్తే వైద్యం కష్టమూ కాదు, ఖర్చూ పెద్దది కాదు. అందుకే ఈ విషయాన్ని దాతల ముందు ఉంచుతున్నాం.

వాసన పుట్టేది ఎక్కడ?

నోరు వాసన వస్తే మనవాళ్లు ముందుగా కడుపును అనుమానిస్తారు. వేడి చేసిందనో, గ్యాస్ అనో మెడికల్ షాపుకు వెళ్లి మాత్రలు కొనుక్కుంటారు. కానీ నోటి దుర్వాసనతో బాధపడే వందమందిలో 80 నుంచి 90 మందికి కారణం నోటిలోనే ఉంటుంది. అందులోనూ ఎక్కువసార్లు అది నాలుక వెనుక భాగమే. చిగుళ్ల జబ్బు, పిప్పిపళ్లు, గార ఆ తర్వాతి కారణాలు.

నాలుక పైభాగం నున్నగా ఉండదు. తివాచీలాగా సన్నని మొనలతో నిండి ఉంటుంది. వాటి మధ్య అన్నం తునకలు, రాలిపోయిన కణాలు, ముక్కు వెనుక నుంచి జారిన చీమిడి చేరి తెల్లని లేదా పసుపు పచ్చని పొరగా పేరుకుంటాయి. దానినే మనం పాచి అంటాం. లేవగానే ఉన్న నోటికి ‘పాచి నోరు’ అని మన పెద్దలు పెట్టిన పేరు ఎంత సరైనదో చూడండి.

ఆ పొర అడుగున గాలి ఆడదు. అక్కడ ఆక్సిజన్ అవసరం లేని బ్యాక్టీరియా పెరుగుతుంది. ఫ్యూసోబ్యాక్టీరియం, ప్రివోటెల్లా, సోలోబ్యాక్టీరియం వంటివి ఈ కోవకు చెందినవి. ఇవి పాచిలోని మాంసకృత్తులను విరగ్గొట్టినప్పుడు గంధకం కలిసిన వాయువులు వెలువడతాయి. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన కోడిగుడ్డు వాసన. మిథైల్ మెర్‌కాప్టాన్‌ది కుళ్లిన క్యాబేజీ వాసన. కెనడా శాస్త్రవేత్త జోసెఫ్ టోంజెటిచ్ నోటి గాలిని యంత్రంతో విడదీసి పరీక్షించి, 1971లో ఈ గంధక వాయువుల లెక్క తేల్చారు.

లాలాజలం నోటిని ఎప్పటికప్పుడు కడుగుతూ ఉంటుంది. నిద్రలో అది బాగా తగ్గుతుంది. అందుకే తెల్లవారేసరికి అందరి నోరూ వాసన వస్తుంది. మన వినుకొండ ఎండల్లో నీళ్లు తాగకుండా పనిచేసేవారికి, నోటితో గాలి పీల్చేవారికి, కొన్ని రకాల బీపీ, ఎలర్జీ మందులు వాడేవారికి పగలు కూడా నోరు ఎండిపోతుంది. ఖైనీ, గుట్కా, బీడీ, సిగరెట్లు దీనిని మరింత పెంచుతాయి. రోజాలో వచ్చే వాసన కూడా నోరు ఎండటం వల్లనే ఎక్కువ. దానికి సిగ్గుపడనక్కరలేదు. ఉపవాసి నోటి వాసన అల్లాహ్‌కు కస్తూరి కన్నా ప్రియమైనదని ప్రవక్త (స) బోధించారని హదీసులు చెబుతున్నాయి.

ఏం చేయాలి?

వాసనను లవంగాలతో, సోంపుతో, చూయింగ్ గమ్‌తో కప్పిపెడితే కాసేపే ఆగుతుంది. పాచిని తీయడమే అసలు వైద్యం.

నాలుక బద్దను వీలైనంత వెనుక నుంచి ముందుకు, రక్తం రాకుండా తేలికగా లాగాలి. ప్రతిసారీ బద్దను కడిగి నాలుగైదు సార్లు లాగితే చాలు. వాంతి వచ్చినట్టు అనిపిస్తే నాలుకను బాగా బయటకు చాపి, మెల్లగా ఊపిరి వదులుతూ లాగాలి. కొద్ది రోజుల్లో అలవాటవుతుంది. మన ఊళ్లలో వేపపుల్లతో పళ్లు తోముకుని, దానినే రెండుగా చీల్చి నాలుక గీసుకునేవారు. బ్రష్షులు వచ్చాక చాలా ఇళ్లలో పళ్లు తోమడం మిగిలింది, నాలుక గీయడం పోయింది. బ్రష్ కంటే బద్దతో గంధక వాయువులు కొంచెం ఎక్కువ తగ్గుతాయని 2006లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. అయితే ఆ మేలు ఎక్కువసేపు నిలవదని కూడా చెప్పింది. కాబట్టి ఇది ఒకరోజు పని కాదు, ప్రతిరోజూ చేయవలసిన పని.

ప్రవక్త (స) మిస్వాక్ కొనను నాలుక మీద ఉంచి శుభ్రం చేసుకుంటుండగా చూశానని అబూ మూసా అష్‌అరీ (రజి) తెలిపిన హదీసు మనలో చాలామందికి తెలుసు. మిస్వాక్ పళ్లకే అనుకునేవారు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

దీనితోపాటు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు పళ్లు తోముకోవాలి. పళ్ల సందులను శుభ్రం చేసుకోవాలి. కట్టుడు పళ్లను రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచాలి. జింక్ ఉన్న మౌత్‌వాష్ గంధకాన్ని పట్టేసి వాసన తగ్గిస్తుంది. ఆల్కహాల్ లేనివి కూడా దొరుకుతాయి, సీసా మీద చూసి కొనవచ్చు. క్లోర్‌హెక్సిడిన్ బాగా పనిచేస్తుంది కానీ ఎక్కువ రోజులు వాడితే పళ్లకు మరకలు పడతాయి, రుచి మారుతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. రోజాల్లో ఈ శుభ్రత సహెరీ తర్వాత ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చేసుకుంటే సరిపోతుంది.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

రెండు వారాలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే, పళ్లు కదులుతుంటే పళ్ల డాక్టరును కలవాలి. గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులో సిబార్ దంత వైద్య కళాశాల ఉంది. షుగరు ఉన్నవారి నోరు మాగిన పండు వాసన కొడుతూ, వాంతులు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూత్రం లాంటి వాసన కిడ్నీ జబ్బుకు గుర్తు కావచ్చు. చిన్నపిల్లల ముక్కు ఒకవైపే కారుతూ వాసన వస్తే లోపల ఏదైనా ఇరుక్కుందేమో చూపించాలి. కొందరికి వాసన లేకపోయినా ఉందనే భయం పట్టుకుంటుంది. వారిని ఎగతాళి చేయకుండా వైద్యునికి చూపించాలి.

మనం చేయగలిగింది

పేద విద్యార్థులకు పుస్తకాలు, బట్టలు ఇచ్చేటప్పుడు ఒక బ్రష్, పేస్టు, నాలుక బద్ద కలిపితే ఖర్చు పెద్దగా పెరగదు. రమజాన్ రేషన్ సంచిలోనూ వాటికి చోటుంటుంది. ఎలా వాడాలో ఒక్కసారి చేసి చూపించడం ముఖ్యం. చూపించకపోతే బద్ద గూట్లోనే ఉండిపోతుంది. ఇంటి మనిషికి వాసన వస్తుంటే పదిమందిలో కాక, పక్కకు పిలిచి మెల్లగా చెబుదాం. నలుగురిలోకి వెళ్లడానికి జంకే ఒక బిడ్డ తలెత్తుకుని నవ్వుతూ మాట్లాడగలిగితే, ఆ చిన్న ఖర్చు చాలా పెద్ద సదఖా అవుతుంది.